ఆధార స్వరం లేని సంగీతం, వస్తువు లేని చిత్రం

ఇరవయ్యో శతాబ్దపు మొదటి పదిహేనేళ్ళలో ఐరోపా చిత్రకళ, ఐరోపా సంగీతం దాదాపు ఒకే కాలంలో ఒకే విధమైన సాహసానికి పూనుకున్నాయి. కంటికి కనిపించే వస్తువును ఉన్నదున్నట్లు చూపించాలన్న బాధ్యతను చిత్రకళ వదులుకుంది. ఏదో ఒక స్వరాన్ని కేంద్రంగా నిలుపుకొని దాని చుట్టూ సంచరించే పద్ధతిని సంగీతం వదులుకుంది. ఈ రెండు పరిణామాలూ ఆనాటి ప్రేక్షకులనూ శ్రోతలనూ కలవరపెట్టాయి. నేటికీ ఆధునిక చిత్రం ముందు నిలబడి ఇందులో ఉన్నదేమిటని, ఆధునిక సంగీతం విని ఇందులో పాట ఎక్కడుందని చాలామంది అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నలు న్యాయమైనవి. వాటికి సమాధానం కూడా ఆ కళల చరిత్రలోనే దొరుకుతుంది. క్యూబిజం మొదలుకొని మినిమలిజం దాకా వచ్చిన ఉద్యమాలను కొత్తదనం మీది మోజుగా కొట్టిపారేయడం తేలిక. కానీ దగ్గరగా పరిశీలిస్తే, శతాబ్దాల పాటు కళాకృతిని నిలబెట్టిన ఆధారాలు బలహీనపడినప్పుడు ఆ కృతి ఇక దేని మీద నిలబడాలన్న ఒకే ప్రశ్నకు చిత్రకారులూ స్వరకర్తలూ వెతికిన వేర్వేరు సమాధానాలే ఈ ఉద్యమాలన్నీ అని తెలుస్తుంది.

రెండు పాత ఆధారాలు

ఆ ఆధారాలేమిటో తెలిస్తే తప్ప వాటిని వదలడంలోని సాహసం అర్థం కాదు. చిత్రకళలో ఆ ఆధారం పర్‌స్పెక్టివ్. చదునైన గోడ మీదనో గుడ్డ మీదనో లోతు ఉన్న భ్రమ కలిగించేందుకు, సమాంతర రేఖలన్నీ దూరాన ఒక బిందువు దగ్గర కలుస్తున్నట్లు, దూరం పెరిగేకొద్దీ వస్తువులు నిర్దిష్టమైన నిష్పత్తిలో చిన్నవవుతున్నట్లు గీసే పద్ధతి ఇది. పదిహేనో శతాబ్దపు తొలి దశకాల్లో ఫ్లోరెన్స్ నగరంలో బ్రూనెల్లెస్కీ అనే వాస్తుశిల్పి దీన్ని ప్రయోగపూర్వకంగా చూపగా, 1435లో ఆల్బెర్టీ తన చిత్రకళా గ్రంథంలో దానికి శాస్త్రరూపం ఇచ్చాడు. ఆ తర్వాత నాలుగు శతాబ్దాలకు పైగా ఐరోపా చిత్రకారుడు, చూసేవాడు ఒకచోట కదలకుండా నిలబడి ఒకే దిక్కున చూస్తున్నాడని భావించి బొమ్మ వేశాడు.

సంగీతంలో ఆ ఆధారం టొనాలిటీ. కర్ణాటక సంగీతం విన్నవారికి దీన్ని గ్రహించడం కష్టం కాదు. తంబుర మీద ఆధార షడ్జం ఎడతెగకుండా మోగుతుండగా రాగం ఎంత దూరం సంచరించినా, చివరకు షడ్జాన్ని చేరినప్పుడే విన్న మనసుకు విశ్రాంతి కలుగుతుంది. పాశ్చాత్య సంగీతంలో తంబుర లేకపోయినా ప్రతి రచనకూ టోనిక్ అనే కేంద్రస్వరం ఉంటుంది. కర్ణాటక కచేరీలో షడ్జం స్థిరంగా ఉంటే, పాశ్చాత్య రచనలో ఆ కేంద్రం నడుమ నడుమ మరో స్వరానికి మారి తిరిగి రావచ్చు. మూడు నాలుగు స్వరాలను ఒకేసారి పలికించే కార్డ్‌లు ఆ కేంద్రం నుంచి దూరంగా జరుగుతూ ఉత్కంఠను పెంచుతాయి, దాన్ని తిరిగి చేరుతూ ఆ ఉత్కంఠను తీరుస్తాయి. ఒకదానితో ఒకటి పొసగని స్వరాలు కలిసి మోగితే, అవి వెంటనే పొసగే స్వరాల్లోకి దిగి పరిష్కారం పొందాలన్నది నియమం. పదిహేడో శతాబ్దంలో స్థిరపడిన ఈ వ్యవస్థ మీదనే బాఖ్, మొజార్ట్, బీథోవెన్‌ల సంగీతమంతా నిలబడింది. చూసేవారు ఎక్కడ నిలబడాలో పర్‌స్పెక్టివ్ నిర్ణయించినట్లే, వినేవారి చెవి ఎటు తిరగాలో టొనాలిటీ నిర్ణయించింది.

సడలిన బంధాలు

ఈ ఆధారాలు ఒక్కరోజులో కూలిపోలేదు. 1839లో ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడయ్యాక, కళ్ళకు కనిపించిన దృశ్యాన్ని తు.చ. తప్పకుండా పట్టుకునే పని యంత్రమే చేయగలిగింది కనుక, చిత్రకారుడు చేయవలసిన పని వేరే ఏదో ఉండాలన్న ఆలోచన మొదలైంది. 1872లో మొనే ల హావ్ర రేవులో సూర్యోదయాన్ని చిత్రించినప్పుడు ఓడల రూపురేఖల కంటే పొగమంచులో నీటి మీద కదిలే వెలుతురుకే ప్రాధాన్యమిచ్చాడు. 1874లో పారిస్ ప్రదర్శనలో దాన్ని చూసిన ఒక విమర్శకుడు ఎగతాళిగా వాడిన మాటే ఇంప్రెషనిజం అన్న ఉద్యమ నామంగా నిలిచిపోయింది. సెజాన్ మరో అడుగు ముందుకు వేసి, బల్ల మీది పళ్ళనూ కూజానూ ఒకే చిత్రంలో కొంచెం భిన్నమైన కోణాల నుంచి చూసినట్లు చిత్రించాడు. బొమ్మలోని బరువు, సమతూకం రంగుల కూర్పు వల్లనే ఏర్పడాలన్నది ఆయన సాధన. ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1907లో, పారిస్‌లో జరిగిన సంస్మరణ ప్రదర్శన యువ చిత్రకారుల మీద గాఢమైన ముద్ర వేసింది.

సంగీతంలో ఈ సడలింపునకు తొలి గుర్తు 1865లో మ్యూనిక్‌లో ప్రదర్శితమైన వాగ్నర్ ఒపేరా ‘ట్రిస్టాన్ ఉండ్ ఇజోల్డె’. దాని మొదటి కార్డ్ ఎటు పరిష్కారం కావాలో తేల్చకుండా, వినేవారి నిరీక్షణను గంటల తరబడి సాగదీసి, కథ ముగిసే క్షణంలో గానీ దాన్ని తీర్చడు స్వరకర్త. ఫ్రాన్స్‌లో డెబ్యుసీ ఆ నిరీక్షణనే పక్కకు పెట్టాడు. 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో జావా ద్వీపపు గామెలాన్ వాద్యబృందాన్ని విన్న ఆయనకు, ఐరోపా నియమాలకు లోబడకుండానే ఎంతో సూక్ష్మమైన సంగీతం సాధ్యమని తెలిసింది. ఆయన రచనల్లో కార్డ్ మరో కార్డ్‌కు దారి చూపేందుకు కాక, తన సొంత ఛాయ కోసం నిలుస్తుంది. 1905లో వెలువడిన ‘లా మేర్’ అనే సముద్ర సంగీతపు స్వరలిపి ముఖచిత్రంగా జపాన్ చిత్రకారుడు హొకుసాయి వేసిన మహాకెరటం బొమ్మను ఎంచుకోవడం, ఆనాటి కళలు ఒకదాని వైపు ఒకటి ఎంతగా చూస్తున్నాయో తెలుపుతుంది.

మ్యూనిక్‌లో ఒక కచేరీ

ఈ రెండు ప్రవాహాలూ ప్రత్యక్షంగా కలిసిన సందర్భం 1911 జనవరి ఆరంభంలో మ్యూనిక్‌లో జరిగిన ఒక కచేరీ. ఆ రోజు వియన్నాకు చెందిన ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ రచనలను వాయించారు. శ్రోతల్లో రష్యన్ చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీ, ఆయన మిత్రుడు ఫ్రాంజ్ మార్క్ ఉన్నారు.

1874లో పుట్టిన షోన్‌బెర్గ్ సంగీతాన్ని చాలావరకు స్వయంకృషితో నేర్చుకున్నవాడు. వాగ్నర్, బ్రామ్స్‌ల సంప్రదాయంలో మొదలై, పొసగని స్వరాలను అంతకంతకూ స్వేచ్ఛగా వాడుతూ 1908 నాటికి ఆయన ఒక హద్దు దగ్గరికి చేరాడు. ఆ ఏడాది ముగించిన రెండో స్ట్రింగ్ క్వార్టెట్‌లో, అంటే రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెలో కోసం రాసిన రచనలో, చివరి రెండు భాగాలకు స్టెఫాన్ గెయోర్గె కవితలు పాడే స్త్రీ గొంతును చేర్చాడు. ఆఖరి భాగానికి కేంద్రస్వరాన్ని సూచించే గుర్తు కూడా పెట్టలేదు. వియన్నాలో దాని తొలి ప్రదర్శన కేకల మధ్య సాగింది. పొసగని స్వరాలకు పరిష్కారం చూపనక్కరలేదని, అవి తమంతట తాము నిలబడగలవని నమ్మి రాసిన ఈ సంగీతానికి విమర్శకులు ‘ఎటొనల్’, అంటే కేంద్రస్వరం లేనిది అని పేరు పెట్టారు. షోన్‌బెర్గ్‌కు ఆ పేరు నచ్చలేదు.

కాండిన్‌స్కీ మాస్కోలో న్యాయశాస్త్రం చదివి, ఆచార్య వృత్తి దాదాపు చేతికి అందిన దశలో దాన్ని కాదనుకొని 1896లో ముప్ఫయ్యో ఏట చిత్రకళ నేర్చుకోవడానికి మ్యూనిక్ చేరినవాడు. అంతకు ముందు మాస్కోలో మొనే వేసిన గడ్డివాముల చిత్రాన్ని చూసి, అందులోని వస్తువేమిటో వెంటనే పోల్చుకోలేకపోయినా రంగులు తనను వదలలేదన్న అనుభవం ఆయన మనసులో నాటుకుంది. వాగ్నర్ ‘లోహెన్‌గ్రిన్’ వింటున్నప్పుడు స్వరాలు రంగులుగా కనిపించాయని కూడా ఆయన రాసుకున్నాడు. మ్యూనిక్ కచేరీ విన్న కొద్ది రోజుల్లోనే ‘ఇంప్రెషన్ 3 (కచేరీ)’ అనే చిత్రాన్ని వేశాడు. అందులో పియానో ఒక నల్లని ఆకారంగా మాత్రమే మిగిలి, చిత్రమంతటా పసుపు రంగు పెద్ద అలలా పొంగుతుంది. ఈ చిత్రం నేడు మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉంది. అదే జనవరిలో కాండిన్‌స్కీ షోన్‌బెర్గ్‌కు ఉత్తరం రాసి, సంగీతంలో ఒక్కొక్క స్వరధార స్వతంత్రంగా నడవడాన్ని మీరు సాధించారని, చిత్రకళలో తాను వెతుకుతున్నదీ సరిగ్గా అదేనని తెలిపాడు. ఆ ఉత్తరంతో మొదలైన స్నేహం ఆ ఏడాది చివర ఏర్పడిన ‘నీలి రౌతు’ చిత్రకారుల బృందం దాకా సాగింది. తీరిక వేళల్లో బొమ్మలు వేసే షోన్‌బెర్గ్ చిత్రాలు ఆ బృందపు తొలి ప్రదర్శనలో చోటు చేసుకోగా, 1912లో వెలువడిన దాని సంకలనంలో ఆయన వ్యాసమూ పాటా అచ్చయ్యాయి.

1911లోనే ఇద్దరూ తమ సిద్ధాంత గ్రంథాలను పూర్తిచేశారు. కళలోని ఆధ్యాత్మికతను గురించిన పుస్తకంలో కాండిన్‌స్కీ ప్రతి రంగుకూ ఒక ధ్వని ఉందని వాదించి, పసుపును ట్రంపెట్‌తోనూ, లేత నీలాన్ని వేణువుతోనూ, ముదురు నీలాన్ని చెలోతోనూ పోల్చాడు. సంగీతం ఏ వస్తువునూ అనుకరించకుండానే మనిషిని కదిలించగలిగినప్పుడు, చిత్రం మాత్రం చెట్టునో మనిషినో చూపించి తీరాలన్న నియమం ఎందుకన్నది ఆయన మౌలిక ప్రశ్న. తన చిత్రాలకు ‘కంపోజిషన్’, ‘ఇంప్రొవైజేషన్’ అని సంగీతపు పేర్లు పెట్టడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. వస్తువును వదిలి రంగు, గీత, రూపాలతోనే భావాన్ని పలికించే ఈ పద్ధతికి తెలుగులో నైరూప్య చిత్రకళ అన్న పేరు స్థిరపడింది.

ముక్కలైన రూపం, విరిగిన లయ

కాండిన్‌స్కీ, షోన్‌బెర్గ్‌లు అంతరంగం వైపు నడుస్తున్న కాలంలోనే పారిస్‌లో మరో సమాధానం రూపుదిద్దుకుంది. 1907లో పికాసో ‘అవిన్యోన్ యువతులు’ అనే పెద్ద చిత్రంలో అయిదుగురు స్త్రీల శరీరాలను కోసుగా విరిచి, కొన్ని ముఖాలను పారిస్ మ్యూజియంలో తాను చూసిన ఆఫ్రికా ముసుగుల ధోరణిలో మలిచాడు. తర్వాత జార్జ్ బ్రాక్‌తో కలిసి ఆయన నిర్మించిన క్యూబిజం, ఒక వస్తువును ముందు నుంచీ పక్క నుంచీ పై నుంచీ చూసినప్పుడు తెలిసే సంగతులన్నింటినీ ఒకే తలం మీద పక్కపక్కన పేర్చింది. ఒకచోట కదలకుండా నిలబడి చూసేవాడనే పర్‌స్పెక్టివ్ పునాది ఇక్కడ పూర్తిగా తొలగిపోయింది. ఈ చిత్రాల్లో గిటార్లు, వయొలిన్లు, స్వరలిపి కాగితాలు పదేపదే కనిపిస్తాయి. 1912 నుంచి వార్తాపత్రిక ముక్కలనూ గోడకాగితాన్నీ చిత్రంలో అతికించే కొలాజ్ పద్ధతి కూడా ఇక్కడి నుంచే వచ్చింది.

సంగీతంలో ఇటువంటి విచ్ఛేదాన్ని, పునర్నిర్మాణాన్ని చేసినవాడు ఇగోర్ స్ట్రావిన్‌స్కీ. 1913 మే 29న పారిస్‌లోని షాంజెలీజే థియేటర్‌లో దియాగిలెవ్ నృత్యబృందం ఆయన ‘వసంతోత్సవం’ బాలేను ప్రదర్శించింది. ప్రాచీన రష్యాలో వసంత దేవత కోసం ఒక కన్య నర్తిస్తూ ప్రాణాలర్పించే ఇతివృత్తానికి నిజిన్‌స్కీ నృత్యం కూర్చగా, రంగాలంకరణ చేసిన చిత్రకారుడు నికొలాయ్ రోరిక్. ఈయనే తర్వాత హిమాలయాల్లోని కులు లోయలో స్థిరపడి 1947లో అక్కడే కన్నుమూశాడు. షోన్‌బెర్గ్ కేంద్రస్వరాన్ని తొలగిస్తే, స్ట్రావిన్‌స్కీ రెండు వేర్వేరు కేంద్రాలకు చెందిన కార్డ్‌లను ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి మోగించాడు. అదే కార్డ్‌ను పదేపదే మోదుతూ, ఊనిక ఎక్కడ పడుతుందో ఊహించలేని విధంగా లయను మార్చాడు. కొన్ని చోట్ల గతి దాదాపు ప్రతి కొలతకూ మారుతుంది. హాలులో అరుపులు చెలరేగి, వాద్యబృందం వాయిస్తున్నది నర్తకులకే సరిగా వినిపించలేదు. అయినా మరుసటి ఏడాది పారిస్‌లోనే నృత్యం లేకుండా సంగీతాన్ని మాత్రమే వాయించినప్పుడు శ్రోతలు ఘనంగా ఆదరించారు. ఏడాది తిరిగేలోపే శ్రోతల తీర్పు మారిందంటే, మొదటి కోపం ఒక కృతి విలువను నిర్ణయించదని తేలిపోతుంది.

కొత్త క్రమశిక్షణ

ఆధారం లేని స్వేచ్ఛకు తనదైన చిక్కు ఉంది. కేంద్రస్వరం లేనప్పుడు దీర్ఘమైన వాద్యరచనను చివరిదాకా ఒక్కటిగా పట్టి ఉంచేదేమిటి? 1909 నుంచి 1912 దాకా షోన్‌బెర్గ్ రాసిన ముఖ్యరచనలు చాలావరకు క్లుప్తమైనవో, ‘పియెరో లునేర్’లాగా కవితల ఆసరాతో నడిచేవో కావడానికి కారణం ఈ చిక్కే. 1920ల మొదట్లో ఆయన దానికి ఒక పద్ధతిని కనిపెట్టాడు. కర్ణాటక సంగీతంలో పన్నెండు స్వరస్థానాలు ఉన్నట్లే పియానో మీద ఒక స్థాయిలో పన్నెండు స్వరాలు ఉంటాయి. వాటన్నిటినీ స్వరకర్త తనకు నచ్చిన ఒక వరుసలో పేరుస్తాడు. ఆ వరుసే రచనకంతటికీ మూలం. దాన్ని ఉన్నదున్నట్లు, తిరగేసి, ఎక్కుడు దిగుడులను తారుమారు చేసి, ఆ తారుమారును మళ్ళీ తిరగేసి, నాలుగు రూపాల్లోనూ ఒక్కొక్కదాన్ని పన్నెండు స్థానాల నుంచి మొదలుపెడితే 48 రూపాలు వస్తాయి. ఏ స్వరమూ మిగిలినవాటి మీద పెత్తనం చేయకుండా, రచనలోని ప్రతి అంశమూ ఒకే బీజం నుంచి పుట్టేలా చేయడం ఈ పద్ధతి లక్ష్యం. ఆయన శిష్యుల్లో ఆల్బన్ బెర్గ్ ఈ భాషలో కరుణనూ ఆవేదననూ పలికించగా, ఆంటన్ వెబర్న్ నిమిషం, రెండు నిమిషాల నిడివిలోనే ఒక్కొక్క స్వరం విడిగా మెరిసే అతిక్లుప్త రచనలు చేశాడు.

చిత్రకళలోనూ ఇదే కాలంలో ఇదే తపన కనిపిస్తుంది. 1915లో పెట్రోగ్రాడ్‌లో మలేవిచ్ తెల్లని నేల మీద ఒక నల్లని చతురస్రాన్ని మాత్రమే చిత్రించి ప్రదర్శించాడు. హాలెండ్‌కు చెందిన మాండ్రియన్, చెట్ల కొమ్మలను సరళం చేస్తూ పోయి, చివరకు నిలువు గీతలు, అడ్డ గీతలు, ఎరుపు, పసుపు, నీలం, వాటితో పాటు నలుపు, తెలుపు, బూడిద మాత్రమే మిగిల్చుకున్నాడు. ఇంత తక్కువ సాధనాలతో ఏ రెండు చిత్రాల్లోనూ సమతూకం ఒకేలా లేకుండా చేయడమే ఆయన కౌశలం. 1940లో న్యూయార్క్ చేరాక అక్కడి బూగీవూగీ సంగీతపు లయకు ముగ్ధుడై, నల్ల గీతలను తీసేసి చిన్న చిన్న రంగు గళ్ళ పరుగుగా ‘బ్రాడ్‌వే బూగీవూగీ’ అనే చిత్రాన్ని వేశాడు.

1919లో వైమార్ నగరంలో వాల్టర్ గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ పాఠశాల ఈ అన్వేషణకు బడిరూపం ఇచ్చింది. కాండిన్‌స్కీతో పాటు అక్కడ పాఠాలు చెప్పిన పాల్ క్లే స్వయంగా మంచి వయొలిన్ విద్వాంసుడు. బాఖ్ రచనల్లో ఒక స్వరధార వెనుక మరొకటి వచ్చి కలిసే తీరును రంగుల ఛాయల క్రమంగా మార్చి చూపాడు. 1922 డిసెంబర్‌లో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ ఏర్పాటు చేసిన ప్రదర్శనలో క్లే, కాండిన్‌స్కీల చిత్రాలు భారతీయ చిత్రకారుల పనులతో పాటు కనిపించాయి. పుట్టిన మూడేళ్ళకే బౌహౌస్ కళ భారతదేశాన్ని చేరిందన్నమాట.

అణచివేత, వలస

ఈ కళలు ఎవరికీ అర్థం కావని ఎగతాళి చేసినవారు ఉన్నారు. అయితే వాటిలోని స్వేచ్ఛను అందరికంటే ముందు గుర్తించి భయపడినవి నియంతృత్వ ప్రభుత్వాలు. నాజీల ఒత్తిడితో 1933లో బౌహౌస్ మూతపడింది. 1937లో మ్యూనిక్‌లో, జర్మనీ మ్యూజియంల నుంచి తీసుకొచ్చిన దాదాపు 650 ఆధునిక కృతులను ‘పతనమైన కళ’ అన్న పేరుతో అవహేళన వ్యాఖ్యల మధ్య ప్రదర్శించారు. 1938లో డ్యుసెల్‌డార్ఫ్‌లో సంగీతానికీ అదే అవమానం జరిగింది. సోవియట్ రష్యాలో 1936లో ‘ప్రావ్దా’ పత్రిక షొస్తకోవిచ్ ఒపేరాను గందరగోళమని నిందించి, ఆ స్వరకర్తను ప్రాణభయంలోకి నెట్టింది. యూదుడైన షోన్‌బెర్గ్ 1933లోనే బెర్లిన్ వదిలి అమెరికా చేరి లాస్ ఏంజెలస్‌లో పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. ఐరోపా నుంచి తరలిపోయిన ఇటువంటి ప్రతిభావంతుల వల్లనే, యుద్ధానంతరం ఆధునిక కళ కేంద్రం పారిస్ నుంచి న్యూయార్క్‌కు మారింది.

చప్పుడు, యాదృచ్ఛికత, మౌనం

పాత ఆధారాన్ని వదలడంతో ఆగకుండా, అసలు కళకూ కళ కానిదానికీ నడుమ ఉన్న హద్దునే ప్రశ్నించినవారు మరికొందరు. 1909లో మరినెట్టీ ప్రకటించిన ఫ్యూచరిజం యంత్రవేగాన్ని కీర్తించింది. ఆ బృందంలోని చిత్రకారుడు లూయీజీ రూసోలో 1913లో, కర్మాగారాలూ ట్రాములూ నిండిన నగరంలో బతికే చెవికి చప్పుళ్ళు కూడా సంగీత సామగ్రేనని వాదించి, గరగరలనూ రొదలనూ పుట్టించే పెట్టెలను స్వయంగా తయారుచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధపు మారణహోమం మధ్య 1916లో జ్యూరిక్‌లో పుట్టిన డాడాయిజం, ఇంతటి హింసకు దారితీసిన నాగరికత తర్కాన్నే తిరస్కరించింది. 1917లో న్యూయార్క్‌లో మార్సెల్ డుషాం ఒక మూత్రపాత్రను కొని, దాని మీద మారుపేరుతో సంతకం చేసి ప్రదర్శనకు పంపాడు. నిర్వాహకులు ప్రదర్శించకపోయినా, కళాకారుడి ఎంపిక ఒక్కటే ఒక వస్తువును కళగా మార్చగలదా అన్న ఆయన ప్రశ్న శతాబ్దమంతా వెంటాడింది. 1924లో ఆంద్రే బ్రెటన్ ప్రకటనతో ఆరంభమైన సర్రియలిజం, ఫ్రాయిడ్ చెప్పిన అంతశ్చేతననూ కలల తర్కాన్నీ కళకు ఆధారం చేసింది. అధివాస్తవికత అన్న పేరుతో తెలుగులో ఈ ధోరణి శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబుల రచనల్లో ప్రతిధ్వనించింది.

ఈ ప్రశ్నలన్నిటినీ సంగీతంలో చివరి అంచుకు తీసుకువెళ్ళినవాడు జాన్ కేజ్. షోన్‌బెర్గ్ దగ్గర చదువుకున్న ఈ అమెరికన్, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ధ్వని చొరబడని గదిలోకి వెళ్ళినప్పుడు కూడా రెండు శబ్దాలు విన్నానని, అవి తన శరీరంలోనివేనని తెలిసి సంపూర్ణ నిశ్శబ్దమనేది లేదన్న నిర్ణయానికి వచ్చానని చెప్పాడు. మిత్రుడు రౌషెన్‌బర్గ్ 1951లో వేసిన తెల్లని చిత్రాలు ఆయనకు ధైర్యమిచ్చాయి. ఏమీ లేనట్లు కనిపించే ఆ తెల్లని తలాల మీద వెలుతురూ మనుషుల నీడలూ కదులుతుండేవి. 1952 ఆగస్టు 29న వుడ్‌స్టాక్ దగ్గర పియానో కళాకారుడు డేవిడ్ ట్యూడర్ నాలుగు నిమిషాల ముప్ఫయిమూడు సెకండ్ల పాటు, మూడు భాగాలుగా, ఒక్క స్వరమైనా వాయించకుండా పియానో ముందు కూర్చున్నాడు. ఆ వ్యవధిలో హాలులోనూ బయటా వినిపించిన శబ్దాలే ఆ రచనలోని సంగీతం. ఇక్కడ కృతిని నిలబెట్టే ఆధారం స్వరం కాదు, రాగం కాదు, శ్రోత అవధానం.

అదే కాలపు న్యూయార్క్‌లో జాక్సన్ పొలాక్ గుడ్డను నేల మీద పరిచి, దాని చుట్టూ నడుస్తూ రంగును ధారగా చిలకరించి, చిత్రించే చర్యనే చిత్రంగా మార్చాడు. మార్క్ రాత్కో పెద్ద పెద్ద రంగు తలాలను అంచులు కరిగిపోయేటట్లు పరిచి, చూసేవారిని మౌనంలో నిలబెట్టాడు. ఆయన మిత్రుడైన స్వరకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్, హ్యూస్టన్‌లో రాత్కో చిత్రాలతో 1971లో ప్రారంభమైన ప్రార్థనాలయం కోసం అదే పేరుతో నెమ్మదైన, మెత్తని సంగీతాన్ని రచించాడు.

కాలమే కొత్త ఆధారం

కార్డ్‌ల నడక కృతిని పట్టి ఉంచలేని స్థితి వచ్చినప్పుడు, స్వరకర్తల దృష్టి స్వరాల వ్యవధి మీదికి, అంటే కాలాన్ని కొలిచే తీరు మీదికి మళ్ళింది. ఈ మలుపులో భారతీయ తాళపద్ధతి వారికి నిజమైన వనరు అయింది. ఫ్రెంచ్ స్వరకర్త ఒలీవియే మెసియాన్, పదమూడో శతాబ్దానికి చెందిన శార్ఙ్గదేవుడి ‘సంగీతరత్నాకరం’లోని 120 దేశీతాళాల పట్టికను అధ్యయనం చేసి, వాటి నడకలను తన రచనల్లో అల్లుకున్నాడు. యుద్ధఖైదీగా ఉన్నప్పుడు ఆయన రచించి, 1941 జనవరి 15న గోర్లిట్జ్ శిబిరంలో తోటి ఖైదీలతో కలిసి వాయించిన ‘కాలాంతం కోసం చతుష్టయం’ మొదటి భాగంలోనే ఆ తాళాల్లో మూడు వినిపిస్తాయి. స్వరాలు వింటే తనకు రంగులు తోస్తాయని చెప్పుకున్న మెసియాన్‌లో, కాండిన్‌స్కీ వెతికిన బంధం మరో రూపంలో కొనసాగింది. 1940లలో గీతా సారాభాయ్ ద్వారా భారతీయ సంగీతాన్నీ తత్త్వాన్నీ తెలుసుకున్న కేజ్ కూడా, తీగల నడుమ మరలూ రబ్బరు ముక్కలూ బిగించిన పియానో కోసం రాసిన రచనామాలికలో స్థాయీభావాలను పలికించాలని సంకల్పించాడు.

1960ల మధ్యలో ఫిలిప్ గ్లాస్ పారిస్‌లో ఒక సినిమా సంగీతం కోసం రవిశంకర్ దగ్గర సహాయకుడిగా పనిచేస్తూ, చిన్న లయఖండాలను ఒకదానికొకటి కలుపుతూ పెద్ద నిర్మాణాలు కట్టే పద్ధతిని గ్రహించాడు. 1964లో టెరీ రైలీ ‘ఇన్ సి’ అనే రచన చేశాడు. అందులోని 53 చిన్న స్వరఖండాలను కళాకారులు ఒక్కొక్కరూ తమకు నచ్చినన్ని సార్లు వాయించి ముందుకు సాగుతుంటారు కనుక, ప్రతి ప్రదర్శనలోనూ అల్లిక కొత్తగా ఉంటుంది. రైలీ తర్వాత హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడయ్యాడు. కొద్ది సామగ్రి, పునరావృతి, నెమ్మదైన మార్పు అనే ఈ లక్షణాలతోనే ఆ దశకపు చిత్రకళ, శిల్పకళల్లో డొనాల్డ్ జడ్, సోల్ లెవిట్‌ల మినిమలిజం నడిచింది. గ్లాస్, స్టీవ్ రైష్‌ల తొలి కచేరీలు చాలావరకు సంగీతశాలల్లో కాక ఆర్ట్ గ్యాలరీల్లోనే జరిగాయి.

తిరిగి వచ్చిన ఆధారం

రైలీ రచన పేరులోనే శతాబ్దపు సారాంశం ఉంది. ‘సి’ అనేది ఒక కేంద్రస్వరం. షోన్‌బెర్గ్ దాన్ని వదిలిన అర్ధశతాబ్దానికి అది తంబుర మీది షడ్జంలాగా ఎడతెగకుండా మోగుతూ తిరిగి వచ్చింది. చిత్రకళలోనూ 1962లో ఆండీ వార్హోల్ అంగట్లో దొరికే సూప్ డబ్బాలను 32 చిత్రాలుగా ప్రదర్శించడంతో, కాండిన్‌స్కీ సాగనంపిన వస్తువు మళ్ళీ గోడ మీదికి ఎక్కింది. కానీ తిరిగి వచ్చిన ఆధారం పాతదానితో సమానం కాదు. మొజార్ట్‌కు కేంద్రస్వరం తప్పనిసరి; రైలీకి అది అనేక మార్గాల్లో తాను ఎంచుకున్న ఒక మార్గం. ఇరవయ్యో శతాబ్దపు ఉద్యమాలు సాధించిన అసలు ఫలితం ఇదే. అవి పాత అందాన్ని నాశనం చేయలేదు; నియమంగా ఉన్నదాన్ని ఎంపికగా మార్చాయి.

ఈ క్రమంలో నష్టం జరగలేదని చెప్పడం సరికాదు. శతాబ్దం మధ్యలో కొందరు స్వరకర్తలు గణితబద్ధమైన నిర్మాణాల్లో మునిగి శ్రోతలకు దూరమయ్యారు. డుషాం ప్రశ్నను అరువు తెచ్చుకొని సాధన లేకుండా కళాకారులైనవారూ ఉన్నారు. అయినా ఈ కళలు సామాన్యుల జీవితంలోకి రానే లేదనడం కూడా నిజం కాదు. 1965లో ఈవ్ సాన్ లొరాన్ మాండ్రియన్ గళ్ళను దుస్తుల మీదికి తెచ్చాడు. కచేరీలో కేంద్రస్వరం లేని సంగీతాన్ని భరించలేని ప్రేక్షకులే 1968లో స్టాన్లీ క్యూబ్రిక్ చిత్రం ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో స్వరకర్త లిగెతీ సంగీతాన్ని విని, ఆ అనంతాకాశానికి అదే తగిన ధ్వని అని ఒప్పుకున్నారు.

కాబట్టి ఈ కృతులను ఎదుర్కొనే రసికుడు, ఇది ఏ వస్తువుకు బొమ్మ, ఇది ఏ రాగం అన్న ప్రశ్నలను కాసేపు పక్కన పెట్టి, ఈ కళాకారుడు ఏ ఆధారాన్ని వదిలాడు, దాని స్థానంలో దేన్ని నిలిపాడు అన్న రెండు ప్రశ్నలు వేసుకోవడం మేలు. మాండ్రియన్ చిత్రంలో సమతూకాన్ని, స్ట్రావిన్‌స్కీ బాలేలో లయను, షోన్‌బెర్గ్ క్వార్టెట్‌లో ఒక్కొక్క వాద్యం నడకను అనుసరిస్తూ పోతే సమాధానం కళ్ళకూ చెవులకూ అందుతుంది. ఆ సమాధానం నచ్చకపోవచ్చు. నచ్చకపోవడానికి రసికుడికి పూర్తి హక్కు ఉంది. అయితే ప్రశ్న తెలుసుకున్నాక చేసే తిరస్కారమే విమర్శ అవుతుంది. ఆ ప్రశ్న తెలుసుకున్నవారిలో చాలామందికి తిరస్కరించవలసిన అవసరమే రాలేదని ఈ కృతులు శతాబ్దం దాటినా మ్యూజియంల్లోనూ సంగీతశాలల్లోనూ నిలిచి ఉండడమే రుజువు చేస్తోంది.